ఇసుక ట్రే పక్కన డోరా కాల్ఫ్

డోరా కాల్ఫ్ అనగానే, ఇసుకతో బొమ్మలతో ఆడనిచ్చి మనసుకి చికిత్స చేసే విద్యలో ఉన్నవాళ్లకి కళ్ల ముందు మెదిలేది ఒక చెక్క ట్రే. పొడవు 72 సెంటీమీటర్లు, వెడల్పు 57, లోతు 7. లోపలంతా నీలం రంగు. సగం దాకా ఇసుక. వేళ్లతో ఇసుకని పక్కకి తోస్తే కింద నీలం కనిపిస్తుంది, అదే నీరు. చెరువనుకుంటారో, ఏరనుకుంటారో, సముద్రమే అనుకుంటారో ఆడేవాళ్ల ఇష్టం. గోడవార అరల నిండా చిన్న చిన్న బొమ్మలు. ట్రేకి కాస్త పక్కగా ఒక కుర్చీ, అందులో ఏమీ మాట్లాడకుండా చూస్తూ కూర్చున్న ఒక పెద్దావిడ. శాండ్‌ప్లే థెరపీ అని ఇవాళ దేశదేశాల్లో నేర్పుతున్న పద్ధతికి మూలం ఆ గది, ఆ కుర్చీ.

ఆవిడ ఈ పనిలోకి వచ్చింది చాలా ఆలస్యంగా. 1904 డిసెంబరు 21న స్విట్జర్లాండ్‌లో, జ్యూరిక్ సరస్సు ఒడ్డున రిక్టర్స్‌విల్ అనే ఊళ్లో పుట్టారు. పుట్టింటివారు గాటికర్లు, తండ్రిది బట్టల పరిశ్రమ. చిన్నప్పుడు ఆరోగ్యం అంతంత మాత్రం కావడంతో ఎంగడీన్ కొండల్లో ఒక బోర్డింగ్ స్కూల్లో ఉంచి చదివించారు. గ్రీకు అక్కడ చదివారు. సంస్కృతం, చైనీస్ భాషల రుచి కూడా ఆ వయసులోనే తగిలింది. తర్వాత లండన్ వెస్ట్‌ఫీల్డ్ కాలేజీలో ఫిలాసఫీ, ఆపైన పారిస్‌లో రాబర్ట్ కసదెసు దగ్గర పియానో. 1933లో ఒక డచ్ బ్యాంకరుతో పెళ్లయి నెదర్లాండ్స్ వెళ్లారు. యుద్ధం వచ్చి జర్మన్ సైన్యం ఆ దేశంలో అడుగుపెట్టాక స్విట్జర్లాండ్ తిరిగొచ్చేశారు. ఆ పెళ్లి నిలవలేదు. ఇద్దరు మగపిల్లలు, పీటర్, మార్టిన్. వాళ్లని పెట్టుకుని పార్పాన్ అనే కొండ ఊళ్లో ఉండేవారు.

మలుపు ఆ ఊళ్లోనే తిరిగింది. పేరుమోసిన స్విస్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ కూతురు గ్రెట్ బౌమన్ కుటుంబం సెలవులకి పార్పాన్ వచ్చేది. వాళ్ల పిల్లలు డోరా ఇంటికి ఆడుకోవడానికి వెళ్లి, తిరిగొచ్చేటప్పటికి కుదురుగా, సంతోషంగా ఉండేవాళ్లట. ఈవిడ దగ్గర ఏదో ఉందని గ్రెట్ గమనించారు. తండ్రికి పరిచయం చేశారు. పిల్లలతో పనిచేయమని యూంగే ప్రోత్సహించారు. 1949లో, నలభై నాలుగేళ్ల వయసులో, ఏడాది క్రితమే మొదలైన జ్యూరిక్ యూంగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి ఆరేళ్లు చదివారు. ఆవిడ సొంత అనాలిసిస్, అంటే తన మనసుని తాను తరచి చూసుకునే పని, యూంగ్ భార్య ఎమ్మా దగ్గర జరిగింది. యూనివర్సిటీ డిగ్రీ లేకపోవడంతో చదువంతా పూర్తయినా డిప్లొమా చేతికి రాలేదు. పియానో ముందు ఏళ్ల తరబడి కూర్చున్న మనిషికి రెండు స్వరాల మధ్య ఉన్న ఖాళీ ఎంత విలువైనదో తెలుస్తుంది. ఏ డిప్లొమాలోనూ దొరకని ఆ ఓపిక ఆవిడకి అక్కణ్నుంచే అబ్బిందని నా నమ్మకం.

ట్రే ఆవిడ కనిపెట్టింది కాదు. ఆ మాట ఆవిడ ఎప్పుడూ దాచలేదు. లండన్‌లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే పిల్లల డాక్టరు 1920ల చివర్లో తన క్లినిక్‌లో ఒక పెట్టెలో చిన్న బొమ్మలు పోసి, పక్కన జింకు రేకు ట్రేల్లో ఇసుక, నీళ్లు పెట్టారు. పిల్లలే ఆ రెండింటినీ కలిపేసి, కట్టినదాన్ని 'ప్రపంచం' అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరే పద్ధతికి నిలిచింది. 1954లో లోవెన్‌ఫెల్డ్ జ్యూరిక్‌లో మాట్లాడినప్పుడు డోరా విన్నారు. యూంగ్‌కి కూడా 1937లో పారిస్‌లో ఒక సమావేశంలో ఇదే పని చూసిన జ్ఞాపకం ఉంది. వెళ్లి నేర్చుకురమ్మన్నారు. 1956లో లండన్ వెళ్లి లోవెన్‌ఫెల్డ్ దగ్గర నేర్చుకున్నారు. అక్కడి మనోవిశ్లేషకులు మైకేల్ ఫోర్డమ్, డొనాల్డ్ విన్నికాట్‌లతో పరిచయం అప్పుడే.

యూంగ్ వెళ్లమనడానికి ఇంకో కారణం కూడా ఉండి ఉంటుందనిపిస్తుంది. మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్‌తో స్నేహం తెగిపోయాక, 1913 ప్రాంతంలో, ఆయన స్వయంగా సరస్సు ఒడ్డున కూర్చుని రాళ్లేరుకుని చిన్న ఊరు కట్టుకున్నారు. ఇళ్లు, కోట, చర్చి. ఆ చర్చిలో పీఠంగా పెట్టడానికి పిరమిడ్ ఆకారంలో ఉన్న ఎర్ర రాయి ఒకటి ఒడ్డున దొరికిందని తన ఆత్మకథలో చెప్పుకున్నారు. నలభై దాటబోతున్న డాక్టరు రోజూ భోజనం కాగానే వెళ్లి రాళ్లతో ఆడుకున్నాడంటే, ఆ ఆట అవసరం ఎలాంటిదో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

లండన్ నుంచి వచ్చాక డోరా జొలికాన్‌లోని తన ఇంట్లోనే పని మొదలుపెట్టారు. అది పదిహేనో శతాబ్దపు ఇల్లు. జొలికాన్ అంటే జ్యూరిక్‌కీ, యూంగ్ ఉండే కుస్నాక్ట్‌కీ నడుమ సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. పిల్లలు ఆ పాత ఇంటికే వచ్చేవాళ్లు. తర్వాత్తర్వాత ప్రపంచం నలుమూలల నుంచి నేర్చుకునేవాళ్లూ ఆ ఇంటికే వచ్చారు.

లోవెన్‌ఫెల్డ్ పద్ధతికీ ఈవిడ పద్ధతికీ తేడా చూడ్డానికి చిన్నది. లోవెన్‌ఫెల్డ్ పిల్లవాణ్ని అడిగేవారు, కట్టినదేమిటో వాడి నోటితో చెప్పించేవారు. అనుబంధం వాడికీ ట్రేకీ మధ్యే ఉండాలని ఆవిడ పట్టుదల. డోరా అయితే పక్కన కూర్చున్న మనిషికి పెద్దపీట వేశారు. పిల్లవాడు తల్లి దగ్గరున్నంత నిబ్బరంగా ఉండగలిగితే వాడి లోపలి కుదురు తనంతట తానే బయటికొస్తుందన్నది ఆవిడ ఆలోచన. యూంగ్ శిష్యుడు ఎరిక్ నాయ్‌మన్ రాసిన శిశు వికాస దశల మీద ఆవిడకి గురి. తల్లీబిడ్డల ఏకత్వం తర్వాత, రెండు మూడేళ్ల వయసులో బిడ్డలో 'ఆత్మ', అంటే యూంగ్ మాటల్లో మనసంతటికీ కేంద్రం, నిలదొక్కుకోవాలి, అది కుదరని పిల్లవాడికి ట్రేలో రెండో అవకాశం దొరుకుతుంది అనేవారు. తన పద్ధతికి ఆవిడ పెట్టుకున్న మాట 'స్వేచ్ఛగానూ రక్షణతోనూ ఉండే చోటు'. స్వేచ్ఛ ఇసుకది, బొమ్మలది. రక్షణ ట్రే అంచుది, పక్కనున్న మనిషిది.

ఆ అంచు కొలత ఊరికే పెట్టింది కాదు. 57కి 72 అంటే ముందు నిలబడ్డ మనిషి తల తిప్పకుండా మొత్తం ఒక్క చూపులో చూడగలిగినంత. ట్రే ఇంకా పెద్దదైతే ఒక మూల కడుతుంటే ఇంకో మూల మరుపున పడుతుంది, ఆట చెదిరిపోతుంది. చిన్నదైతే బొమ్మలు కిక్కిరిసి, నలిగిపోయినట్టవుతుంది. మన దగ్గర దొరికిన ప్లాస్టిక్ టబ్బుతో సరిపెట్టుకునేవాళ్లు సరిగ్గా ఈ సంగతే వదిలేస్తున్నారు. గుండ్రటి టబ్బులో మూలలుండవు, మధ్యన కూడా తేలిగ్గా దొరికిపోతుంది. నాలుగు మూలలున్న ట్రేలో మధ్యని వెతుక్కుని వృత్తం గియ్యడం ఒక పని. ఆ పని పిల్లవాడే చేసుకోవాలి.

ఇలాంటి ట్రే పెట్టుకోవాలనుకునేవాళ్లకి కొన్ని సంగతులు. ట్రేలో ఇసుక మూడున్నర సెంటీమీటర్ల ఎత్తు పోస్తే దాదాపు 14 లీటర్లు పడుతుంది. ఎండు ఇసుకైతే ఇరవై కిలోల పైమాటే. అందుకని బల్ల గట్టిగా ఉండాలి, ఎత్తు 75 సెంటీమీటర్ల దగ్గర. చిన్నపిల్లలకి ఎక్కి నిలబడే పీట వేరే పెట్టాలి. రెండు ట్రేలు కావాలి, ఒకటి పొడి ఇసుకకి, ఒకటి తడికి. తడి ట్రే ముందు చెడేది మూలల్లో. నీరు ప్లైవుడ్ అతుకుల్లోకి దిగి చెక్క ఉబ్బుతుంది, నీలం పెచ్చులూడుతుంది. పిల్లవాడు సముద్రం కోసం ఇసుక తోస్తే అడుగున గోధుమరంగు మచ్చ పలకరిస్తుంది, ఆట అక్కడే ఆగిపోతుంది. మూలల్లో సిలికాన్ పట్టించి, నీటికి తట్టుకునే రంగు రెండు మూడు పూతలు వేసి, పూర్తిగా ఆరాకే ఇసుక పోయాలి.

ఇసుక విషయంలో తొందర పనికిరాదు. ఇంటి పనికి తెప్పించిన ఇసుకలో మట్టి, గులకరాళ్లు, అభ్రకం ఉంటాయి. జల్లించి, బకెట్లో నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి ఎండబెట్టాలి. సముద్రపు ఇసుక మెత్తగా బావుంటుంది కానీ ఉప్పు వదిలేదాకా కడగాలి. లేకపోతే ఎప్పుడూ చెమ్మగా ఉండి ఇనుప బొమ్మల్ని తుప్పు పట్టిస్తుంది. మరీ పిండిలాంటి ఇసుక తీసుకుంటే పోసినప్పుడల్లా దుమ్ము లేస్తుంది, ఊపిరితిత్తులకి చేటు.

తడి ఎంతన్న దానికి తెలుగువాళ్లకి పరీక్ష చెప్పడం తేలిక. పాదం మీద ఇసుక కప్పి, తట్టి, మెల్లగా కాలు బయటికి లాగితే పిచ్చుక గూడు నిలవాలి. లాగుతుండగానే కూలితే నీళ్లు చాల్లేదు, అంచులు జారిపోతే ఎక్కువైనట్టు. కొత్తగా నింపిన ట్రేకి లీటరు నీళ్లతో మొదలుపెట్టి, పిండి కలిపినట్టు కలుపుతూ, కొద్దికొద్దిగా చిలకరించాలి. ఆటలో వాడుకోవడానికి పక్కన ఒక చెంబుడు నీళ్లు చాలు. బకెట్ పెడితే కొందరు పిల్లలు మొత్తం ముంచేస్తారు. వరద కావాలనుకోవడం తప్పు కాదు, కానీ నేలంతా నీళ్లయితే థెరపిస్టు చూపు పిల్లవాడి మీంచి నేల మీదికి పోతుంది. తడి ట్రే మూతపెట్టి వారం వదిలేస్తే బూజు వాసన కొడుతుంది. సెంటు వాసన ఫినాయిళ్లు చల్లకండి. ఎండలో ఆరబెట్టండి, వాసన పోకపోతే ఇసుక మార్చెయ్యండి.

బొమ్మలు వందల్లో కావాలి. మనుషులు, ఇంటి జంతువులు, అడవి జంతువులు, చెట్లు, ఇళ్లు, బళ్లు, దేవుళ్లు, సైనికులు, గవ్వలు, రంగు గాజు ముక్కలు, గోలీలు. అందంగా ఉన్నవే కొంటే అర పాడవుతుంది. దయ్యం, అస్థిపంజరం, పాడె, నోరు తెరిచిన మొసలి లేకపోతే, భయం వేసిన పిల్లవాడికి భయాన్ని పెట్టుకునే చోటుండదు. అందరూ మరిచేవి కంచెలు, వంతెనలు. కంచె ముక్క ఒక్కటి చాలదు, ఊరు చుట్టూ తిరిగేటన్ని కావాలి. విరిగిన బొమ్మలు కొన్ని ఉంచాలి, ఏదో ఒకరోజు అవే కావాల్సి వస్తాయి. పిల్లవాడు ఎరిగిన లోకం అరల్లో కనబడాలి కాబట్టి మన దగ్గర ఎడ్లబండి, కల్లుగీత మనిషి, వేపచెట్టు, అమ్మవారి గుడి ఉండాల్సిందే. కొండపల్లి బొమ్మలు ఇందుకు బాగా పనికొస్తాయి. కానీ వాటి ముక్కల్ని అతికేది చింతపిక్కల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో. తడి ఇసుకలో పాతిపెట్టి మరిచిపోతే అతుకు మెత్తబడి ఏనుగు నుంచి అంబారీ విడిపోతుంది. వద్దని పిల్లవాడికి చెప్పకూడదు. వాడు వెళ్లగానే తీసి, తుడిచి, నీడన ఆరబెట్టుకోవాలి.

ఏ బొమ్మ ఏ అరలో ఉందో అక్కడే ఉండాలి. పోయిన వారం పులిని ఏ మూల వదిలాడో ఈ వారం అదే మూల వెతుకుతాడు. దుమ్ము దులిపి, కొత్తగా సర్దిపెట్టి మురిసిపోయే థెరపిస్టు తెలియకుండానే వాడి దారి మూసేస్తాడు.

ఆటలో మన పని తక్కువ, అందుకే కష్టం. "ఇక్కడ ఏది కావాలంటే అది కట్టుకోవచ్చు" అంటే చాలు. ఎదురుగా నిలబడకుండా ట్రేకి పక్కగా, పిల్లవాడి కంటికి అడ్డం రాకుండా కూర్చోవాలి. ముందు ఏది పెట్టాడు, ఏది తీసేశాడు, చెయ్యి ఏ అర ముందు ఆగి వెనక్కొచ్చింది, కాగితం మీద చిన్న పటం గీసుకుంటూ నెంబర్లు వేసుకోవాలి. ట్రేలో చెయ్యి పెట్టకూడదు. పడిపోయిన చెట్టుని నిలబెట్టకూడదు, అది పడిపోయిన చెట్టే కావచ్చు. "ఈ పాము నాన్నా?" అని అడగకూడదు. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పాము అంటే ఇది, గుర్రం అంటే అది అని నిఘంటువు పట్టుకుని కూర్చునేవాళ్లకి ఎదురుగా ఉన్న పిల్లవాడు కనిపించడు. వచ్చిన సమాధానంతో వాళ్లకి తృప్తి, వాడికి ఆట ముగిసిపోవడం. డోరా అర్థాలు తెలియక ఊరుకున్న మనిషి కాదు. పురాణాలు, చైనా తత్వవేత్త జౌ దున్-యి గీసిన సృష్టి పటం, చిహ్నాల చరిత్ర ఆవిడ క్షుణ్ణంగా చదివారు. 1966లో జర్మన్‌లో వచ్చిన ఆవిడ పుస్తకంలో ఆ చదువంతా కనిపిస్తుంది. ట్రే పక్కన మాత్రం ఆ చదువు పెదవి దాటకూడదన్నారు. మొదటి ట్రేలోనే కష్టమూ, దాన్నుంచి బయటపడే దారి జాడా రెండూ కనిపిస్తుంటాయని ఆవిడ నమ్మేవారు. చూసి మనసులో ఉంచుకోవాలి, అంతే.

పిల్లవాడు గది దాటాకే ట్రే ఫొటో తియ్యాలి, వాడు నిలబడ్డ వైపు నుంచి ఒకటి, పైనుంచి ఒకటి. ఫ్లాష్ వేస్తే గుట్టలూ గుంటలూ చదునైపోతాయి. పక్కనుంచి వచ్చే కిటికీ వెలుగులో ఇసుక ఎత్తుపల్లాలు తెలుస్తాయి. వాడి కళ్లెదుట దాన్ని కూలగొట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఆ కట్టడం వాడి లోపల అలా నిలిచి ఉండాలి. ఆపైన ఒక్కో బొమ్మా దాని అరలోకి చేర్చి, ఇసుకంతా వేళ్లతో దువ్వాలి. పాతిపెట్టిన ఉంగరం ఒకటి అడుగున మిగిలిపోయి తర్వాత వచ్చిన పాప చేతికి తగిలిందంటే ఇద్దరి గుట్టూ కలగాపులగమైపోతుంది.

తూర్పు దేశాల మీద ఆవిడ ప్రేమ గురించి చెప్పకపోతే ఈ జ్ఞాపకం సగమే. టిబెట్ నుంచి శరణార్థులు స్విట్జర్లాండ్ వచ్చిన రోజుల్లో ఒక లామాకి తన ఇంట్లో చోటిచ్చారు. ఆయన ఎనిమిదేళ్లు ఆ ఇంట్లోనే ఉన్నారు. దలైలామాతో పరిచయం అలా కలిగింది. కొడుకు మార్టిన్ తర్వాత బౌద్ధం చదివారు, తల్లి పనీ అందుకున్నారు. డోరా జపాన్ వెళ్లి జెన్ పండితుడు డి.టి. సుజుకిని కలిశారు. 1961లో యూంగ్ పోయిన రోజున ఆవిడకి ఒక కల వచ్చింది. యూంగ్ భోజనానికి పిలిచారు. బల్ల మధ్యలో పెద్ద అన్నపు రాశి. ఆయన దాన్ని చూపించారు. తూర్పు వైపు వెతుకులాట ఆపవద్దన్న మాటగా ఆవిడ దాన్ని తీసుకున్నారు. రాశి పోసిన అన్నం చూస్తే పూర్ణమనిపించే మన కళ్లకి ఆ కల చప్పున అర్థమవుతుంది.

జపాన్‌కి ఈ పద్ధతి తీసుకెళ్లింది ఆ దేశపు మనస్తత్వవేత్త హయావో కవాయి. జ్యూరిక్‌లో చదువుకోడానికి వచ్చి, డోరా పని చూసి, ఇది మావాళ్లకి సరిగ్గా సరిపోతుందనుకున్నారు. తొట్టెల్లో చిన్న తోట, కొండ, వంతెన అమర్చుకునే అలవాటు వాళ్లకి తరాలుగా ఉంది. అందుకే అక్కడ దీని పేరు 'హకోనివా', పెట్టెలో తోట. 1965లో ఆయన తిరిగివెళ్లాక ఆ దేశంలో అది వేళ్లూనుకున్నంతగా ఇంకెక్కడా వేళ్లూనుకోలేదు. సంక్రాంతికి బొమ్మల కొలువు మెట్ల కింద ఇసుక పోసి, ఆవాలు మొలకెత్తించి, అద్దం ముక్కతో చెరువు చేసి ఊరు కట్టే ఇళ్లు మనకీ ఉన్నాయి. కొలువులో దేనికి ఏ మెట్టో పెద్దవాళ్లు చెబుతారు, కింద ఆ ఊరు మాత్రం పిల్లల చేతికి వదిలేస్తారు. ఆ కింది భాగమే హకోనివాకి దగ్గర.

1985లో జొలికాన్‌లో పద్నాలుగు మంది కలిసి అంతర్జాతీయ శాండ్‌ప్లే సంఘం పెట్టారు. కవాయి, అమెరికా నుంచి కే బ్రాడ్వే, ఎస్టెల్ వైన్‌రిబ్ లాంటివాళ్లు అందులో ఉన్నారు. అంతకుముందు ఎవరికి తోచినట్టు వాళ్లు ట్రే పెట్టేసి శాండ్‌ప్లే అనేస్తున్న రోజులు. ఇంకొకరి ట్రే పక్కన కూర్చోవాలంటే ముందు తాను ఇంకొకరి సమక్షంలో ట్రేల వరస పూర్తి చేసి ఉండాలన్న నియమం గట్టిపడింది సంఘం వల్లే. పుస్తకం చదివి, ట్రే కొనుక్కుని మొదలుపెట్టేస్తే కుదరదు. తన ఇసుక తాను తవ్వుకోనివాడికి ఎదుటివాడి ఇసుక ముందు నోరు ఊరుకోదు.

1990 జనవరి 15న ఆవిడ పోయారు, ఎనభై ఐదేళ్లకి. ఆవిడ పాఠాలన్నీ స్లైడ్లతోనే సాగేవి. చీకటి గదిలో ఒక్కో ట్రే తెర మీదికి వస్తుంటే వారాలు, నెలలు వరసగా గడిచిపోయేవి.

పెద్దవాళ్ల విషయంలో ఆ స్లైడ్లకి ఇంకో పని కూడా ఉంది. ట్రేల వరస ముగిసి, కాలం గడిచి, కట్టిన మనిషి నిబ్బరంగా ఉన్నాడని తేలాక థెరపిస్టు, ఆ మనిషి పక్కపక్కన కూర్చుని మొదటి ట్రే నుంచి అన్నీ మళ్లీ చూస్తారు. అన్నాళ్లూ మనసులో దాచుకున్న మాటలు చెప్పుకునే సమయం అదే. చాలాసార్లు థెరపిస్టు నోరు తెరిచే లోపే ఆ మనిషి తెర వైపు వేలు చూపిస్తాడు, మూలన కంచె వెనకాల తనే పెట్టి మరిచిపోయిన ఏదో ఒక చిన్న బొమ్మ వైపు.